విమానాన్నే లాగింది, మామిడి మొద్దుని లాగదా?

ప్రశ్న: మాది షాద్‌నగర్ దగ్గర ఆరెకరాల మామిడి తోట అండి. ముసలి చెట్లు కొట్టించేశాం, మొద్దులు అలాగే ఉన్నాయి. తెలిసిన తుక్కు వ్యాపారి ఎయిర్‌పోర్టులో విమానాలు లాగే పాత డీజిల్ బండి ఒకటి పెట్టుకున్నాడు, 9 టన్నులంట. "విమానాన్నే లాగింది, నీ మొద్దు ఎంత" అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: తోట కోసమైతే వద్దండి. ఆయన చెప్పింది అబద్ధమేం కాదు, కానీ విమానం చక్రాల మీద ఉంటుంది, కింద చదునైన కాంక్రీటు, 75 టన్నుల ఎయిర్‌బస్ ఏ320 అయినా దొర్లించటానికి సుమారు ఒకటిన్నర టన్నుల లాగుడు చాలు, మొదట కదిలించేటప్పుడు ఇంకాస్త. మీ మొద్దుకి చక్రాలు లేవు కదా, వేళ్ళతో భూమిని పట్టుకుని కూర్చుంది! పైగా ఈ బండి పట్టంతా దాని బరువులోనే ఉంటుంది, అందుకే దిట్టమైన ఇనప దిమ్మలు వేసి మరీ బరువు పెంచుతారు. పొడి కాంక్రీటు మీద నాలుగు చక్రాలూ లాగే రకమైతే 6 టన్నుల దాకా లాగుడు ఇస్తుంది, వెనక చక్రాలే లాగేదైతే దాదాపు సగం. అదే వాన పడ్డ నేలలో దింపారనుకోండి, టైర్లు అక్కడే తిరిగి తిరిగి పొట్ట నేలకి ఆనేస్తది, దాన్ని బయటికి తీయటానికి జేసీబీని పిలవాలి. ఆ జేసీబీనే ముందే గంట లెక్కన పిలిచి మొద్దు చుట్టూ తవ్వించి వేళ్ళు తెంపించుకోండి.

ఇంకోటి, ఎయిర్‌పోర్టు లోపలే తిరిగే బండి కాబట్టి మామూలుగా ఆర్టీఓ రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డు మీద నడుపుకుంటూ రావటం కుదరదు, బరువైన బండ్లని మోసే లోబెడ్ ట్రైలర్ కిరాయి మీరే పెట్టుకోవాలి.

కాంక్రీటు వేసిన గోడౌన్ ఉండి అందులో ట్రైలర్లు అటూ ఇటూ జరపాలంటే మాత్రం బేరం ఆడొచ్చు. కిలోమీటర్లు అడక్కండి, గంటల మీటర్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగానే నడుస్తాయి, అరగంట తిప్పాక గేర్ వేస్తే జారుతుందా, గేర్ ఆయిల్ మాడు వాసనొస్తుందా అన్నది చూడాలి, ఎందుకంటే ఇంజిన్ లారీలకి వాడే రకమైతే మెకానిక్ దొరుకుతాడు, కానీ ఇంజిన్ జోరుని ఆయిల్ ద్వారా గేర్లకి అందించే టార్క్ కన్వర్టర్ పోతే జేబు ఖాళీ. డబ్బులిచ్చే ముందు వేబ్రిడ్జి ఎక్కించండి, 9 అన్నది 6 చూపిస్తే ఆ దిమ్మలు ఎవరో ముందే తుక్కుకి అమ్మేసుకున్నట్టే.