వాయిస్తున్నాడా, కాపలా కాస్తున్నాడా?: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను హిందూపురం నుంచి వచ్చి, బెంగళూరులో ముప్ఫై ఏళ్లు బ్యాంకు ఉద్యోగం చేసి, ఇప్పుడు విశ్రాంతిగా ఉంటున్నవాణ్ణి. 2024 జూలైలో మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు అల్లుడుగారు రాయల్ ఒపేరా హౌస్‌లో పెట్ షాప్ బాయ్స్ అనే ఇద్దరు బ్రిటిష్ పాప్ కళాకారుల కచేరీకి టికెట్లు తీశారు. 1988లో గాంధీ బజారు దగ్గరి అద్దెగదిలో వాళ్ల క్యాసెట్టును అరిగిపోయేదాకా విన్నవాణ్ణి కాబట్టి ఎంతో ఆశతో వెళ్లాను. ఇద్దరిలో పాడే ఆయన పాట బాగానే ఉంది. పక్కన టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న రెండో ఆయన మాత్రం కీబోర్డు వెనక చివరిదాకా దాదాపు కదలకుండా నిలబడ్డాడు. మా ఆవిడ నా చెవిలో, "ఆయన వాయిస్తున్నాడా, కాపలా కాస్తున్నాడా?" అని అడిగింది. ముందే యంత్రంలో నింపిపెట్టుకున్నది వినిపించడాన్ని కచేరీ అనవచ్చునా? (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, జయనగర)

జవాబు: మీ శ్రీమతిగారి ప్రశ్నను నవ్వి వదిలేయడానికి వీలులేదు; సింథ్-పాప్, అంటే సింథసైజర్ వాద్యాలమీద నడిచే ఈ పాప్ సంగీతం, పుట్టినప్పటి నుంచీ దాని వెంట నడుస్తున్న ప్రశ్న అదే. ముందుగా సూటిగా చెప్పవలసినది చెబుతాను. ఈ తరహా సంగీతంలో అడుగున పరుగెత్తే బేస్ వరుసలు, మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే సింథసైజర్ పలుకులు చాలావరకు ముందే తయారై సీక్వెన్సర్‌లోనో (స్వరాల వరుసను గుర్తుంచుకొని తానే వాయించే యంత్రం) కంప్యూటర్‌లోనో ఉంటాయి. పాడేవాడి గొంతు, పైన వాయించే కొన్ని వరుసలు, వెనక నిలబడ్డ వాద్యకారుల తాళవాద్యాలు మాత్రం ఆ పూటకు ఆ పూట పుట్టేవి. అందరి చెవుల్లోనూ చిన్న ఇయర్‌ఫోన్లు ఉంటాయి. మనకు వినపడని ఒక టిక్కు టిక్కు శబ్దం వాటిలో లయ చెబుతూ ఉంటుంది. వెనక తెరమీద బొమ్మలు, దీపాలు కూడా అదే గడియారాన్ని పట్టుకొని నడుస్తాయి.

ఇది మోసమా అంటే, బెంగళూరులో ఉంటున్న మనం ఆ మాట అనే ముందు ఒకసారి మన ఇంటివైపు చూసుకోవాలి. ఈ ఊళ్లో ఏ రామనవమి పందిరి కిందికి వెళ్లినా గాయకుడి పక్కన ఒక చిన్న పెట్టె తంబురా శ్రుతిని ఆపకుండా పలుకుతూ ఉంటుంది. ఆ ఎలక్ట్రానిక్ తంబురాను 1979లో రూపొందించినవాడు ఈ ఊరివాడే, వేణువు వాయించే ఇంజినీరు జి. రాజ్ నారాయణ్. మీట నొక్కితే శ్రుతి వస్తోందని మనం ఆ కచేరీని దొంగకచేరీ అనలేదు. పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రా కీబోర్డు ఆయన వెనక నిలబడి నేను గమనించిన సంగతి ఒకటి చెబుతాను: ఎడమ చేతితో రెండు మీటలు పట్టుకోగానే డోలక్కు, బేస్, గిటారు అన్నీ మొదలవుతాయి, ఆయన కుడి చేయి మాత్రమే పాటను అనుసరిస్తుంది, మధ్యలో కుడి చేతిని ఖాళీ చేసుకొని కాఫీ గ్లాసు కూడా అందుకుంటాడు. అక్కడ ఎవరూ అడగని ప్రశ్న లండన్‌లో మీకు ఎందుకు కలిగిందంటే, అక్కడ ఆ మనిషి ఏమీ దాచకుండా, అందరి ఎదుట, కదలకుండా నిలబడ్డాడు కాబట్టి.

ఆ కదలకపోవడం బద్ధకం వల్ల వచ్చినది కాదు. మీరు చూసిన ఆ రెండో ఆయన పేరు క్రిస్ లో; ఆర్కిటెక్చర్ చదివిన మనిషి. 1981 ఆగస్టులో లండన్‌లోని కింగ్స్ రోడ్డులో ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో, ఇప్పుడు పక్కన పాడే నీల్ టెనెంట్‌కు పరిచయమయ్యాడు. టెనెంట్ ఆ మరుసటి ఏడాది నుంచి ఒక పాప్ సంగీత పత్రికలో పనిచేశాడు. పాప్ తారలు వేదికమీద వేసే వేషాలను దగ్గరగా చూసి విసిగినవాడు. గిటారు పట్టుకొని గెంతే పద్ధతికి ఎదురుగా ఒకడు మాట్లాడినట్టు పాడడం, మరొకడు స్తంభంలా నిలబడడం వాళ్లు ఏరి కోరి తీసుకున్న రూపం. దానికి ముందువరుస కూడా ఉంది: స్పార్క్స్ అనే అన్నదమ్ముల జోడీలో రాన్ మేల్ 1970ల నుంచి కీబోర్డు ముందు గుడ్లురిమి చూస్తూ కూర్చుంటే, తమ్ముడు రస్సెల్ వేదికంతా తిరుగుతూ పాడేవాడు. నిశ్చలంగా ఉన్న మనిషి పక్కన పాడేవాడి చిన్న చేయి కదలిక కూడా పెద్దదిగా కనిపిస్తుంది.

నా ఉద్దేశంలో ఈ ప్రదర్శనను కచేరీ కొలతతో కాకుండా నాటకం కొలతతో చూడాలి. వాళ్లు మొదటినుంచీ అలాగే చేశారు. 1986లో అనుకున్న పర్యటన ఖర్చు భరించలేక ఆగిపోయింది. 1989లో హాంకాంగ్, జపాన్, బ్రిటన్‌లలో మొదటిసారి తిరిగినప్పుడు చలనచిత్ర దర్శకుడు డెరెక్ జార్మన్‌కు ప్రదర్శన బాధ్యత అప్పగించారు. 1991లో ఒపేరా రంగంవాళ్లచేత రూపకల్పన చేయించి, వాద్యకారులను ప్రేక్షకులకు కనిపించకుండా పెట్టి, పాటల వెంట దుస్తులు, దృశ్యాలు మారేలా నడిపారు. మీరు చూసినది కూడా ఆ వంశంలోనిదే: ముఖాలకు శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) ఆకారంలో ముసుగులు తగిలించుకొని రెండు వీధిదీపాల కింద ఇద్దరూ నిలబడడంతో మొదలై, తరవాత తెర లేచి వెనక ముగ్గురు వాద్యకారులు కనిపించడం ఒక అంకం తరవాత మరొక అంకం వచ్చినట్టు ఉంటుంది. సురభివారి నాటకంలో మాయాబజారు దృశ్యం రాత్రి రాత్రికీ ఒకేలా వస్తుందని మనం పేచీ పెట్టుకోము కదా.

అయితే ఇక్కడే నాకూ ఒక లోటు కనిపిస్తుంది. మన పద్యనాటకంలో రాగం తీసి పద్యం పూర్తిచేయగానే జనం "వన్స్ మోర్" అని అరిస్తే, చచ్చి పడిపోయిన పాత్రధారి కూడా లేచి మళ్లీ పాడేవాడని పెద్దలు చెప్పుకునేవారు. గడియారానికి కట్టేసిన ఈ ప్రదర్శనలో ఆ అవకాశం లేదు. ఒక చరణాన్ని సాగదీయాలని పాడేవాడికి అనిపించినా వెనక తెర ఆగదు, దీపం ఆగదు. ఆ కట్టుబాటుకు ఒప్పుకొని కూర్చున్నవాడికి దొరికేది ఏమిటంటే గొంతు ఒక్కటే. టెనెంట్‌కు 2024 జూలై 10న డెబ్బై ఏళ్లు నిండాయి. మీరు చూసిన ప్రదర్శనలు అదే నెల 23 నుంచి 27 వరకు జరిగాయి. ఎన్నడూ గొంతు చించుకొని పాడని పద్ధతి కావడంవల్ల, పల్చటి ఆ స్వరం వయసుతో పెద్దగా అరగలేదు. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, ఏ మాటను క్యాసెట్టులో కంటే కాస్త వెనక వేశాడు, పల్లవిని ఎప్పుడు జనానికి వదిలేశాడు అన్నవి గమనిస్తే యంత్రం పట్టుకోలేని భాగమేదో మీకే తెలుస్తుంది. 1987 నాటి పాటలో డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ పాడిన భాగాన్ని ఆమె 1999లో పోయిన తరవాత రికార్డు నుంచి వినిపించి ఊరుకోవచ్చు. అలా చేయకుండా వాద్యబృందంలోని అమ్మాయిచేత పాడించారు. మీ శ్రీమతిగారి ప్రశ్నకు సగం జవాబు అందులో ఉన్నదని నేననుకుంటాను. మిగిలిన సగానికి, ఆయన వాయిస్తూనే కాపలా కూడా కాస్తున్నాడని చెప్పండి.

ప్రశ్న: సాఫ్ట్ సెల్, యాజూ, ఇరేజర్, యూరిథ్మిక్స్, పెట్ షాప్ బాయ్స్: ఈ సంగీతంలో ఎక్కడ చూసినా ఇద్దరే ఎందుకు ఉంటారు? (ఇంజినీరింగు విద్యార్థిని, కోరమంగళ)

జవాబు: యంత్రాలు చవకయ్యాయి కాబట్టి. 1970లో వచ్చిన మినీమూగ్ అనే సింథసైజర్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. దాని శ్రుతి వేడికి జారిపోయేది, వేదిక దీపాల కింద వాయించేవాడికి పాట మధ్యలో సరిచేసుకోవడమే పని. ఒక పాటకు కుదుర్చుకున్న ధ్వనిని మరుసటి పాటకు మార్చాలంటే బిరడాలన్నీ చేత్తో తిప్పుకోవాలి. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 అనే మరో సింథసైజర్ తాను పలికిన ధ్వనులను గుర్తుపెట్టుకొని ఒక్క మీటతో తిరిగి ఇచ్చేది. 1980లో రోలాండ్ కంపెనీ టి.ఆర్-808 డ్రమ్ మెషిన్ తెచ్చింది. 1983లో మిడి అనే ఒప్పందం వచ్చి, వేర్వేరు కంపెనీల వాద్యాలను ఒక్క తీగతో కలిపి ఒకే లయకు నడిపించడం సాధ్యమైంది. డ్రమ్ములవాడు, బేస్‌వాడు, వాళ్ల వ్యాను, వాళ్ల భోజనాలు అక్కరలేకపోయాక మిగిలినది ఇద్దరు: యంత్రాల దగ్గర ఒకరు, మైకు దగ్గర ఒకరు. విన్స్ క్లార్క్ కథ చూస్తే ఈ సంగతి తేటగా తెలుస్తుంది. నలుగురున్న డెపెష్ మోడ్‌ను 1981 చివర వదిలి, అలిసన్ మోయేతో యాజూగా రెండు ఆల్బములు చేసి, 1985 నుంచి ఆండీ బెల్‌తో ఇరేజర్‌గా సాగాడు. గొంతులు మారాయి కానీ యంత్రాల దగ్గర మనిషి మారలేదు. ఇద్దరి మధ్య గొడవ వస్తే రాజీ చేయడానికి మూడోవాడు ఉండడన్నది ఈ ఏర్పాటులోని చిక్కు; యాజూ 1983లోనే విడిపోయింది.

ప్రశ్న: మా నాన్నగారికి అరవై ఎనిమిది. అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు ఇలాంటి కచేరీకి తీసుకువెళదామంటే శబ్దం, మెరుపు దీపాలు ఆయనకు పడతాయో లేదోనని భయంగా ఉంది. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వైట్‌ఫీల్డ్)

జవాబు: భయపడవలసినంత కాదు, జాగ్రత్తపడవలసినంత మాత్రం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన ప్రమాణం ప్రకారం వేదికల దగ్గర పదిహేను నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెళ్లు దాటకూడదు. కానీ అదే 100 డెసిబెళ్లను చెవులకు ఏ రక్షణా లేకుండా రోజుకు పదిహేను నిమిషాలకు మించి వినడం మంచిది కాదని ఉద్యోగుల ఆరోగ్యం చూసే అమెరికన్ సంస్థ లెక్క. రెండు గంటల కచేరీకి ఇయర్‌ప్లగ్గులు ఎందుకు కావాలో ఇందులోనే తెలుస్తుంది. దూది పెట్టుకుంటే సరిపోదు. సంగీతం కోసమే చేసిన సిలికాన్ ప్లగ్గులు అన్ని స్వరాలనూ సమానంగా తగ్గిస్తాయి కాబట్టి పాట మూసుకుపోయినట్టు ఉండదు. ఇంట్లో ఒక పూట పెట్టుకొని అలవాటు చేసుకోమనండి, లేకపోతే మొదటి పాటకే తీసి జేబులో వేసుకుంటారు. స్పీకర్ల ఎదురుగా కాకుండా హాలు మధ్యలో, నడవ పక్క సీటు తీసుకోండి. ఆయనకు మూర్ఛ వచ్చిన చరిత్ర గానీ, మెరిసే వెలుతురుకు వచ్చే తలనొప్పి గానీ ఉంటే ముందు వైద్యుణ్ణి అడగండి. ఇంటికి వచ్చాక మరునాడు కూడా చెవుల్లో గుయ్యిమంటుంటే ఈఎన్‌టీ వైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: ఇలాంటివి మన ఊళ్లోనూ జరపవచ్చు కదా, అడ్డేమిటి? (పుస్తకాల వ్యాపారి, మారతహళ్ళి)

జవాబు: ఊరికి అలవాటు లేదని అనలేము; 2003లో రోలింగ్ స్టోన్స్, 2011లో మెటాలికా ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడినప్పుడు ఇక్కడి జనం వచ్చారు. కానీ ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మోగకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆలస్యంగా మొదలుపెట్టే నిర్వాహకులకు అదే పెద్ద తలనొప్పి. గడియారానికి కట్టేసిన ప్రదర్శన గురించి పైన నేను చెప్పిన లోటు ఇక్కడ లాభంగా మారుతుంది: ఎనిమిదికి మీట నొక్కితే పదికి పది నిమిషాలుండగా చివరి పాట ముగుస్తుందని ముందే చెప్పవచ్చు. వన్స్ మోర్ అని అరవకూడదు, అంతే.