వైద్యానికి రుసుము నారు మొక్కలు

ప్రశ్న: వర్షారణ్యాల పక్కనున్న ఊళ్లకు వైద్యం, బడి వంటి సౌకర్యాలు కల్పించి, అందుకు బదులుగా చెట్లు నరకబోమని మాట తీసుకునే పథకాల గురించి అప్పుడప్పుడు చదువుతుంటాను. సౌకర్యం చేతికందాక ఆ మాట ఎవరు నిలుపుకుంటారు? ఇలాంటి ఒప్పందం నిజంగా అడవిని నిలబెట్టిన చోటు ఉందా?
– ఒక పాఠకురాలు, రంపచోడవరం

జవాబు: ఉంది. బోర్నియో దీవిలో, ఇండొనేసియాకు చెందిన పశ్చిమ కాలిమంతాన్‌లో సుకదానా అనే చిన్న పట్టణం, దానికి చేరువలోనే దాదాపు లక్ష హెక్టార్ల గునుంగ్ పాలుంగ్ జాతీయ వనం ఉన్నాయి. ఒరంగుటాన్ల మీద పరిశోధన కోసం 1993లో అక్కడికి వెళ్లిన అమెరికన్ యువతి కినారి వెబ్‌కు, భార్య సిజేరియన్ ఖర్చు కోసం 60 చెట్లు కొట్టానని చెప్పిన మనిషి తారసపడ్డాడు. ఆమె వెనక్కి వెళ్లి వైద్యవిద్య పూర్తిచేసి, తిరిగివచ్చి, దంతవైద్యురాలు హోట్లిన్ ఒంపుసుంగుతో కలిసి 2007లో ‘ఆస్రి’ అనే క్లినిక్‌ను ప్రారంభించారు.

అంతకుముందే వాళ్లు ఊరూరా సమావేశాలు పెట్టి, అడవిని కాపాడాలంటే మీకేం కావాలో చెప్పమని జనాన్నే అడిగారు. అందుబాటు ధరలో వైద్యం, రసాయనాలు లేని సేద్యంలో శిక్షణ కావాలని జవాబొచ్చింది. ఈ పథకానికి ప్రాణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అడక్కుండా కట్టించిన సామాజిక భవనాలు తాళాలు పడి ఉండటం మన దగ్గర చూడనివారెవరు?

ఇక మీరడిగిన మాట నిలుపుకోవడం సంగతి. అక్కడ సౌకర్యం ఒక్కసారి ఇచ్చి ఊరుకునేది కాదు. క్లినిక్‌కు వెళ్లిన ప్రతిసారీ లెక్కకు వస్తుంది. ఏ ఊరి వాళ్లు అడవి నరకడం మానారో ఆ ఊరి రోగులకు రుసుములో ఎక్కువ రాయితీ ఉంటుంది, నరికే ఊరికి తక్కువ. అయితే ఎవరినీ వైద్యం చేయకుండా తిప్పి పంపరు. డబ్బు లేనివారు నారు మొక్కలో, పేడ ఎరువో, చేత్తో అల్లిన చాపో ఇచ్చి బాకీ తీర్చుకోవచ్చు, ఆ మొక్కలు నరికిన చోట మళ్లీ నాటడానికి పోతాయి. వితంతువులకు మేకలిచ్చి, బదులుగా ఒక పిల్లను, ఎరువును తీసుకునే ఏర్పాటూ ఉంది. నరికేవాళ్లతో మాట్లాడి మాన్పించే బాధ్యత ఆ ఊళ్లవాళ్లే అయిన అటవీ రక్షకులది. మోటారు రంపాన్ని అప్పగించినవారికి చిన్న వ్యాపారానికి పెట్టుబడి సమకూర్చే పద్ధతి తర్వాత వచ్చింది.

మన వన సంరక్షణ సమితుల్లో ప్రతిఫలం వెదురు, కలప అమ్మగా వచ్చే వాటా కనుక, చెట్టు పెరిగి అమ్ముడయ్యేదాకా ఎదురుచూడాలి. సుకదానాలో మాత్రం బిడ్డకు జ్వరం వచ్చిన రోజే ఆ ప్రతిఫలం కనబడుతుంది. ఒకరి గొడ్డలికి ఊరందరి రాయితీ తగ్గిపోవడం న్యాయమా అని మీరు అడగవచ్చు. అది కఠినమే, కానీ ఇరుగుపొరుగు ఒకరినొకరు ఆపుకోవడానికి పనికొచ్చేదీ ఆ కఠినత్వమే.

పదేళ్ల వైద్య రికార్డులనూ ఉపగ్రహ చిత్రాలనూ పరిశీలించి 2020లో వెలువడిన అధ్యయనం, ఈ పథకం లేకుంటే జరిగి ఉండేదానితో పోలిస్తే వనంలో అటవీ నష్టం సుమారు 70 శాతం తగ్గిందని, దాదాపు 27 చదరపు కిలోమీటర్ల అడవి మిగిలిందని అంచనా కట్టింది. నరకడం పూర్తిగా ఆగిందని మాత్రం అది చెప్పలేదు. చుట్టూ విస్తరిస్తున్న పామాయిల్ తోటల కంపెనీలకు క్లినిక్ రాయితీతో పనిలేదు కనుక, ఈ ఒప్పందం వాటిని ఆపలేదు.