బండి పుట్టిన తేదీ, ఇంజన్ పుట్టిన తేదీ

పాత అమెరికన్ బండ్ల గురించి పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా వీధి చివర ఒక పెద్దాయన 1967 షెవర్లే కమారో ఎస్ఎస్ 396 (396 అంటే ఇంజన్ సైజు, క్యూబిక్ అంగుళాల్లో) అమ్ముతున్నారు. "ఎర్లీ బిల్డ్, ఇంజన్ ఫ్యాక్టరీలో పెట్టిందే, నంబర్లన్నీ మ్యాచింగ్" (అంటే భాగాలన్నీ బండితో పుట్టినవే) అంటున్నారు. ధర వింటే మాత్రం గుండె జారిపోయింది. నంబర్లన్నీ రాసుకొచ్చాను. విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) 124377ఎన్‌తో మొదలవుతుంది. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య గోడ) మీది ట్యాగ్‌లో 03సీ అని ఉంది. ఇంజన్ బ్లాక్ పక్కన పోతలో డీ 18 7, ముందు ప్యాడ్ (నంబరు కొట్టే చదును) మీద టీ0427ఎండబ్ల్యూ. గేర్‌బాక్స్ మీద పీ7సీ07. వెనక యాక్సిల్ గొట్టం మీద 0309. ట్యాగ్‌లోని బాడీ నంబరుకీ విన్ చివరి ఆరంకెలకీ అసలు పొంతన లేదు. అదే నా టెన్షన్. కొనమంటారా? – ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు టెన్షన్ పడాల్సిన చోట పడలేదండీ, అక్కర్లేని చోట పడ్డారు. ఆ రెండు నంబర్లూ కలవవు, కలవకూడదు కూడా. బాడీ తయారుచేసింది ఫిషర్ బాడీ వాళ్లు, వాళ్ల లెక్క ప్రకారం ట్యాగ్ మీద ఒక నంబరు కొట్టారు. మిగతాదంతా బిగించింది షెవర్లే వాళ్లు, వాళ్ల వరస ప్రకారం విన్ ఇచ్చారు. ఆవరణ ఒకటే అయినా ఖాతా పుస్తకాలు రెండు.

ముందు విన్ చూద్దాం. 1 అంటే షెవర్లే, 24 అంటే వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) ఉన్న కమారో, 37 అంటే రెండు తలుపుల కూపే, 7 అంటే 1967 మోడల్, ఎన్ అంటే ఒహాయోలో సిన్సినాటి పక్కనున్న నార్‌వుడ్ ప్లాంట్. కాలిఫోర్నియా వ్యాన్‌నైస్‌లో తయారైతే అక్కడ ఎల్ ఉండేది. ఏ వీ8 అన్నది మాత్రం ఇందులో ఎక్కడా ఉండదు. 327 అయినా, 350 అయినా, 396 అయినా విన్ ఇలాగే మొదలవుతుంది. 396 బండికి వెనక దీపాల మధ్య ప్యానెల్‌కి ఫ్యాక్టరీలో నల్ల రంగు వేసేవారు. అది చూసి మురిసిపోకండి. స్ప్రే డబ్బా ఒకటి కొంటే ఆ పని ఎవరైనా చేస్తారు.

ఇక 03సీ. మూడో నెల, మూడో వారం, అంటే 1967 మార్చి మధ్య. 1967 మోడల్ ట్యాగ్ మీద 08 నుంచి 12 వరకు ఉంటే అది 1966 నెల, 01 నుంచి 1967. కాకపోతే ఇది బాడీకి అనుకున్న వారం. బండి పూర్తయి గేటు దాటిన రోజు కాదు. శుభలేఖ మీద వేసిన ముహూర్తం వేరు, తాళి కట్టిన టైం వేరు, మనకి తెలియనిదా? మామూలుగా ఆ తర్వాత కొద్ది రోజుల్లో బండి తయారవుతుంది. ఏదైనా భాగం అందకపోతే ఇంకాస్త ఆలస్యం అవుతుంది.

"ఎర్లీ బిల్డ్" మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. కమారో 1966 సెప్టెంబర్ 29న అమ్మకానికి వచ్చింది. అప్పుడు ఎస్ఎస్ అంటే 350 ఇంజనే. 396 వచ్చింది నవంబర్‌లో. కాబట్టి తొలి 396 కమారో కావాలంటే ట్యాగ్ మీద 11 గానీ 12 గానీ కనపడాలి. ఎవరైనా 09 ట్యాగ్ చూపించి ఒరిజినల్ 396 అంటే టీ తాగి వచ్చేయండి. మీ పెద్దాయనది మార్చి. మంచి బండే కావచ్చు, తొలి కాన్పు మాత్రం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ బ్లాక్ పక్కన పోతలోనే వచ్చిన డీ 18 7 చూడండి. ఏ జనవరి, బీ ఫిబ్రవరి, అలా డీ అంటే ఏప్రిల్. ఆ బ్లాక్ 1967 ఏప్రిల్ 18న పోతపోశారు. ప్యాడ్ మీద టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టొనవాండా ప్లాంట్, 0427 అంటే ఏప్రిల్ 27న ఇంజన్ బిగించారు, ఎండబ్ల్యూ అంటే మాన్యువల్ గేర్ల కమారోకి వెళ్లే 325 హార్స్‌పవర్ 396. పోతకీ బిగింపుకీ తొమ్మిది రోజుల తేడా, చక్కగా సరిపోయింది. ఇంజన్‌లో ఏ దొంగతనమూ లేదు. కానీ మీ బాడీ ట్యాగ్ మార్చి మధ్యది. బాడీ తయారైన ఆరు వారాలకు ఇంజన్ పుట్టింది. అన్ని రోజులు నార్‌వుడ్‌లో బండిని ఖాళీగా నిలబెట్టి ఈ ఇంజన్ కోసం ఎదురుచూశారంటే నేను నమ్మను.

గేర్‌బాక్స్ చూడండి. పీ అంటే మన్సీ ప్లాంట్, 7 సంవత్సరం, సీ మార్చి, 07 తేదీ. యాక్సిల్ మార్చి 9. రెండూ మూడో వారం బాడీకి అతికినట్టు ముందొచ్చాయి. అంటే ఆ రెండూ బండితో పుట్టినవే అనుకోవచ్చు, ఇంజన్ మాత్రం తర్వాత చేరింది. (మన్సీ వాళ్ల నెలల అక్షరాలతో జాగ్రత్త. ఏప్రిల్ డీ, మే ఈ, ఆ తర్వాత ఎఫ్ రాదు. జూన్‌కి హెచ్, జూలైకి కే, ఆగస్టుకి ఎం, సెప్టెంబర్‌కి పీ, అక్టోబర్‌కి ఆర్, నవంబర్‌కి ఎస్, డిసెంబర్‌కి టీ. ఎవరి బుర్రలో పుట్టిందో ఈ లెక్క!) పాత యజమాని కొత్తలోనే ఇంజన్ పాడుచేసుకుని ఇంకోటి పెట్టించుకుని ఉండొచ్చు. ఆ రోజుల్లో 6.5 లీటర్ల ఇంజన్ చేతికొచ్చిన కుర్రాళ్లు కుదురుగా ఉండేవారా? అదే సమయంలో మన రోడ్ల మీద అంబాసిడర్ ఇంజన్ 1,489 సీసీ.

పెద్దాయన్ని గౌరవంగా రెండు అడగండి. ఇంజన్ మార్చిన బిల్లు ఏమైనా ఉందా? వారంటీ పుస్తకంలో అతికించిన చిన్న లోహపు పలక, ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనేది, ఇంకా ఉందా? అందులో విన్, మొదటి ఇంజన్ నంబరు అచ్చయి ఉంటాయి. ఎండబ్ల్యూ అక్కడ కూడా ఉంటే, బండి 396గానే పుట్టిందని చేతిలో రుజువు ఉన్నట్టే. అదీ లేకపోతే, ఈ బండి 350తో పుట్టి తర్వాత 396గా మారిందేమో చెప్పడానికి మీరు రాసి పంపిన నంబర్లు చాలవు. ఆయన తాను కొన్నప్పుడు విన్నదే మీకు చెబుతున్నారేమో కూడా, అబద్ధమాడారని అనుకోకండి. బండి నచ్చితే కొనండి, "మ్యాచింగ్ నంబర్స్" ధర మాత్రం ఇవ్వకండి.

ప్రశ్న: 1968 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 396 చూశాను. బ్యాడ్జీలు, హుడ్డు, చక్రాలు అన్నీ ఉన్నాయి. విన్ 13637తో మొదలవుతుంది. ప్యాడ్ మీద నంబరు బండికి సరిపోయింది. ఇంకేం చూడాలి? – ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఇంకేమీ చూడక్కర్లేదు తల్లీ, తలుపు మూసి వచ్చేయండి. కమారోలా కాదు, షెవెల్‌కి 1966 నుంచి 1968 వరకు ఎస్ఎస్ 396 ఒక ప్రత్యేక సిరీస్. విన్ 138తో మొదలవ్వాలి. 136 అంటే 1968లో మాలిబూ. 1969లో ఎస్ఎస్ ఆప్షన్ అయిపోయింది కాబట్టి ఆ ఏడాది నుంచి ఈ పరీక్ష పనికిరాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఆ గుంటలో నేనూ పడ్డాను. 1996లో, డెట్రాయిట్ దగ్గర ఉద్యోగంలో నాలుగు డబ్బులు కూడిన కొత్తలో, అచ్చం మీరు చెప్పిన బండే కొన్నాను. 136 అంటే ఏమిటో తెలియదు, ఎర్ర రంగు ఒక్కటే కనపడింది. ఇంటికి తెచ్చాక ఒక ఆదివారం బ్రేక్ క్లీనర్, పాత టూత్‌బ్రష్ పట్టుకుని ప్యాడ్ తోమాను. అది కుడివైపు సిలిండర్ హెడ్‌కి ముందు, రెండు వేళ్ల వెడల్పున ఉండే చదును. ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగం చదును చేసిన సాధనం దాని మీద సన్నటి గీతలు వదులుతుంది, ముందు నుంచి వెనక్కి, దువ్విన జుట్టులా. నా ప్యాడ్ మీద ఆ గీతల్లేవు. గిన్నె తోమిన పీచులా గుండ్రటి గీకుళ్లు ఉన్నాయి. అక్షరాలు మాత్రం కొత్త నాణెంలా మెరుస్తున్నాయి.

అప్పటికీ మనసు ఒప్పుకోలేదు. మా ఆవిడ పౌడర్ డబ్బాలోని అద్దం తీసుకుని, టార్చి వేసి, బ్లాక్ కుడి పక్కన కింద పోత తేదీ వెతికాను. హెచ్ 6 8. 1968 ఆగస్టు 6. ప్యాడ్ మీద బిగింపు తేదీ ఫిబ్రవరి 18! పిండి రుబ్బకముందే ఇడ్లీ ఉడికింది. ప్యాడ్ గీకి కొత్త నంబరు కొట్టినవాడు పక్కనున్న పోత తేదీ మర్చిపోయాడు. ఇంకా తమాషా, 1968 ఫిబ్రవరి 18 ఆదివారం. ఓవర్‌టైం ఉంటే ఆదివారం కూడా ఇంజన్లు బిగిస్తారు కాబట్టి అదొక్కటే నేరం కాదు, కానీ ఆ తర్వాత నుంచి ఏ తేదీ కనపడినా క్యాలెండర్ తీసే అలవాటైంది. మా ఆవిడ ఆ అద్దం మళ్లీ ముట్టుకోలేదు.

ప్రశ్న: ఈ గీతలూ తేదీలూ ఎందుకండీ, కంపెనీకి ఉత్తరం రాస్తే చెప్పరా? – హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొన్నిటికి చెబుతారు. ఫోర్డ్ అయితే అదృష్టం, 1967 మోడల్ నుంచి ఒక్కో బండి వివరం మిగిలింది, మార్టీ రిపోర్ట్ పేరుతో డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. అనుకున్న తేదీ, నిజంగా తయారైన తేదీ విడివిడిగా ఉంటాయి. 1967 డిసెంబర్‌లో డియర్‌బోర్న్‌లో డ్రాగ్ రేసుల కోసం కట్టిన మొదటి 50 కోబ్రా జెట్ మస్టాంగ్‌లను గుర్తించడం ఈ రికార్డుల వల్లే తేలిక. తలుపు పలక మీద మాత్రం ముందు తేదీ, తర్వాత నెల అక్షరం, 16సీ అంటే మార్చి 16. ఐ అక్షరం వాడరు, 1 అనుకుంటారని. కాబట్టి సెప్టెంబర్ జే అవుతుంది.

జనరల్ మోటార్స్ వాళ్ల ఇంకో బ్రాండ్ పాంటియాక్‌కి ఇన్వాయిస్ నకళ్లు దొరుకుతాయి, అవి లేకపోతే 1964 జీటీఓ బతుకే కష్టం. మధ్య సైజు బండికి 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ వద్దని జనరల్ మోటార్స్ నియమం. పాంటియాక్ వాళ్లు 389ని కొత్త మోడల్‌గా కాకుండా లెమాన్ అనే పాత మోడల్‌కి ఆప్షన్‌గా, జీటీఓ పేరుతో, దొడ్డిదారిన దింపారు. అందుకే 1964, 1965 బండ్ల విన్ లెమాన్ అనే చెబుతుంది. జీటీఓకి సొంత నంబరు, 242, వచ్చింది 1966లో. కెనడాలో కొత్తగా అమ్మిన బండ్లకి జీఎం కెనడా దగ్గర కాగితాలున్నాయి. అమెరికాలో అమ్మిన ఆ కాలపు షెవర్లేకి అలాంటిది లేదు, అందుకే మా అద్దాలూ టార్చిలూ.

క్రిస్లర్ బండికి ఇంకో దారి ఉంది. ఫ్యాక్టరీలో ఆ బండికి ఏమేం బిగించాలో అచ్చువేసిన కాగితం, బ్రాడ్‌కాస్ట్ షీట్, సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని అలాగే ఉండిపోతుంది. కిందటి చలికాలం ఒక మిత్రుడి 1970 ప్లిమత్ రోడ్‌రన్నర్ (క్రిస్లర్ వాళ్లదే) వెనక సీటు విప్పాం. విన్ ఆర్ఎం23వీ0, అంటే మూడు కార్బ్యురేటర్ల 440. స్ప్రింగుల మధ్య ఎలుకల గూడు, గూడంతా ఆ కాగితమే, బఠాణీ గింజంత ముక్కలు. ఇద్దరం పాత పేపరు పరిచి, పట్టకారుతో గంటన్నర ఏరాం. రంగు కోడ్ పోయింది, యాక్సిల్ పోయింది, విన్‌లో రెండంకెలు మిగిలాయి. చివరికి గోరంత ముక్క మీద బీ18 దొరికింది. క్రిస్లర్ వాళ్లకి జనవరి నుంచి సెప్టెంబర్ దాకా అంకెలు, అక్టోబర్ ఏ, నవంబర్ బీ, డిసెంబర్ సీ. నవంబర్ 18, 1969. ఫెండర్ ట్యాగ్ మీద కూడా అదే. క్యాలెండర్ తీశాను. మంగళవారం.