మా అమ్మాయి నన్ను ఆ సినిమాలోని తండ్రితో పోల్చింది

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నా భార్య మూడేళ్ల క్రితం క్యాన్సర్‌తో చనిపోయింది. అబ్బాయికి 17 ఏళ్లు, అమ్మాయికి 13. అమ్మాయికి వాళ్ల అమ్మే కూచిపూడి నేర్పేది. ఆమె పోయాక ఇంట్లో ఆ గజ్జెల చప్పుడు వినలేక, చదువు వంక పెట్టి డాన్స్ మాన్పించాను. అబ్బాయిని మాత్రం రోబోటిక్స్, కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీ పరీక్ష కోచింగ్ అన్నింట్లో చేర్చి దగ్గరుండి చూసుకుంటున్నాను. పోయిన నెల ఇద్దరూ ఇంట్లో ‘షాంగ్-చీ’ అనే మార్వెల్ సినిమా చూశారు. అబ్బాయి దాన్ని మనవాళ్ల సినిమా అంటాడు. అందులో ఉన్నది చైనావాళ్లు కదా, మనవాళ్లెలా అవుతారని అడిగితే విసుక్కున్నాడు. అమ్మాయి “నువ్వూ నన్ను అలాగే చేశావు నాన్నా” అని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అప్పటినుంచి అవసరానికి మించి మాట్లాడటం లేదు. ఇలాంటి సినిమాలు చూడనివ్వకూడదా? కొన్నాళ్లు గుంటూరులో అమ్మమ్మ, పిన్నిల దగ్గరికి పంపమని మావాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి మిమ్మల్ని దుర్మార్గుడని అనలేదు. ఆ సినిమా మీరు చూడలేదని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది కాబట్టి ఈ సంగతి ముందుగా చెబుతున్నాను. సూపర్‌హీరో సినిమాలో హీరోకు ఎదురు నిలిచేవాడితో పోల్చిందంటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. అయితే 2021 సెప్టెంబరులో విడుదలైన ‘షాంగ్-చీ అండ్ ద లెజెండ్ ఆఫ్ ద టెన్ రింగ్స్’లో ఆ తండ్రి మామూలు విలన్ కాడు. భార్య పోయిన దుఃఖాన్ని మోయలేక, ఆ బరువును ఇద్దరు పిల్లల మీద రెండు రకాలుగా దించినవాడు. మీ అమ్మాయి పోల్చింది ఈ రెండో విషయంతోనని నా నమ్మకం.

కథ టూకీగా చెబుతాను. వెన్‌వూ పది మహిమగల కడియాల బలంతో వెయ్యేళ్లు బతికిన యోధుడు. తా లో అనే మాయా గ్రామాన్ని వెతుక్కుంటూ వెళ్లి, దారి కాచే యింగ్ లీ చేతిలో ఓడిపోతాడు. రాలిన ఆకుల నడుమ, ఒకరి చేతులు మరొకరి చేతులను దాదాపు తాకుతూ తప్పుకుంటూ సాగే ఆ పోరు చూస్తుంటే కొట్లాట ఎక్కడ ఆగి ప్రేమ ఎక్కడ మొదలైందో తెలియదు. సినిమా మొత్తానికి నాకు నచ్చిన ఘట్టం అదే. ఆమెను పెళ్లాడి కడియాలు తీసి పక్కన పెడతాడు, పిల్లలతో ఆటలాడే మామూలు నాన్న అవుతాడు. అతను ఇంట లేని సమయంలో పాత పగవాళ్లు వచ్చి ఆమెను చంపేస్తారు. ఆ తర్వాత అతను మళ్లీ కడియాలు తొడుగుతాడు. కొడుకు షాంగ్-చీని పగ తీర్చే ఆయుధంగా తయారు చేసి, పద్నాలుగేళ్ల వయసులోనే మనిషిని చంపి రమ్మని పంపుతాడు.

కూతురు షియాలింగ్ సంగతి వేరు. ఆమెను అతను కొట్టడు, తిట్టడు. మగపిల్లలతో కలిసి సాధన చేయనివ్వడు, అంతే. అసలు కారణం ఆమే పెద్దయ్యాక చెబుతుంది: తల్లి పోలికలున్న ఆ పిల్ల ముఖం చూడటం తండ్రికి భరించరానిదైంది. అందుకని ఆమె పక్కన నిలబడి చూసి, ఎవరికీ తెలియకుండా తనంతట తానే విద్య నేర్చుకుంటుంది. మూడు రోజుల్లో వస్తానని చెప్పి వెళ్లిన అన్న తిరిగి రాడు. పదహారేళ్లకు తానే ఇల్లు వదిలి మకావ్ చేరి, అక్కడ సొంతంగా ఒక పోటీ అఖాడా పెట్టుకుంటుంది. సినిమాలో ఈమెకు దక్కిన సమయం తక్కువ. దర్శకుడు డెస్టిన్ డేనియల్ క్రెటన్ ఇంకొంచెం నిడివి ఇచ్చి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. అయినా మీ అమ్మాయికి ఆ కాస్తే చాలింది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరే రాసిన వాక్యం ఒకసారి చదువుకోండి. గజ్జెల చప్పుడు వినలేక, చదువు వంక పెట్టి మాన్పించానన్నారు. చదువు అన్నది వంకేనని మీకు తెలుసు, అమ్మాయికీ తెలుసు. పదేళ్ల పిల్లకు అమ్మ పోయింది, అమ్మ చేతి మీదుగా వచ్చిన ఆట పోయింది, తాను ఆడుతుంటే చూడలేని నాన్న మిగిలాడు. అన్నకు మాత్రం అన్నీ కొనసాగాయి. ఇందులో మీకు పక్షపాతం లేదని నేను నమ్ముతాను. కొడుకు చదువులో మీ భార్య జ్ఞాపకం ఎదురుపడదు కాబట్టి అక్కడ మీరు సుఖంగా కూర్చోగలిగారు, కూతురి అడుగులో ఆమె కనిపించింది కాబట్టి అక్కడినుంచి లేచిపోయారు. కానీ ఆ వయసు పిల్లకు ఇంత తర్కం అందదు. తనలో ఏదో లోపముందనుకుంటుంది, లేదా ఆడపిల్లనని తీసిపారేశారనుకుంటుంది.

సినిమాలో కొడుకు చివరకు తండ్రిని ఎదుర్కొనేది తండ్రి నేర్పిన దెబ్బలతో కాదు. తల్లి తోబుట్టువు యింగ్ నాన్ తా లోలో అతనికి తల్లి విద్యను, బిగించిన పిడికిలిని వదిలి అరచేయి తెరిచే పద్ధతిని, నేర్పుతుంది. ఆ పాత్రలో మిషెల్ యో కనిపించేది కొద్దిసేపే. కానీ ఆమె షాంగ్-చీ చేతి మణికట్టును పట్టుకుని నెమ్మదిగా తిప్పి సరిచేసే తీరులో ఒక పెద్దమ్మో పిన్నో పిల్లకు ముద్ర దిద్దుతున్నంత చనువు ఉంది. తల్లి పోయినా ఆమె విద్య ఆ ఇంటి ఆడవాళ్ల దగ్గర మిగిలి ఉంటుందన్నది ఈ కథకు ఆధారం. మీ పిల్లల పిన్ని గుంటూరులో ఉన్నారని రాశారు. అక్కతో కలిసి ఆమె కూడా నేర్చుకున్నారేమో కనుక్కోండి. నేర్చుకుని ఉంటే మీ ఇంట్లో సగం దారి తెరిచినట్టే. వేసవిలో మీకు శనివారం ఉదయం ఎనిమిదైతే గుంటూరులో సాయంత్రం ఆరున్నర అవుతుంది. వీడియో పాఠానికి ఇద్దరికీ కుదిరే వేళ అది. ఆమెకు రాకపోతే మీ ఊరి చుట్టుపక్కల గురువులకు కొదవ లేదు. కూచిపూడి కూడా ఒకప్పుడు మగవాళ్లు మాత్రమే ఆడిన కళ, ఆడపిల్లలకు తలుపు తెరుచుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే. ఈ సంగతి తెలిస్తే షియాలింగ్‌ను మెచ్చుకున్న పిల్లకు నచ్చుతుంది.

అయితే క్లాసులో చేర్పించే ముందు ఒక పని ఉంది, అది మీకు కష్టమైనది. ముందు ఆ సినిమాను ఒంటరిగా చూడండి. తర్వాత అమ్మాయితో కూర్చుని, సినిమా గురించి కాక, మీ గురించి చెప్పండి. “అమ్మ పోయాక నీ గజ్జెల చప్పుడు వింటే నాకు ఏడుపొచ్చేది. దాన్ని తట్టుకోలేక నీ డాన్స్ మాన్పించి, చదువు కోసమని అబద్ధం చెప్పాను. అందులో నీ తప్పేమీ లేదు” అన్నంత సూటిగా ఉండాలి. మళ్లీ మొదలుపెట్టమని అప్పటికప్పుడే ఒత్తిడి చేయవద్దు. మూడేళ్ల తర్వాత ఆమెకు ఆ కోరిక ఉండవచ్చు, కోపం మాత్రమే మిగిలి ఉండవచ్చు, సినిమా చూశాక కుంగ్‌ఫూ నేర్చుకుంటానని అన్నా అనవచ్చు. ఏదైనా సరే, ఎంపిక ఆమెకు వదలండి. మొదటిసారి ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, తలుపు దగ్గర నిలబడి సమాధానం అడగకండి. వెన్‌వూ పిల్లలకు ఎంపిక వదలడు: పిల్లలను భోజనానికి కూర్చోబెట్టి, తాను అప్పటికే తీసుకున్న నిర్ణయాన్ని ప్రేమగా వినిపిస్తాడు. వెన్‌వూగా నటించిన టోనీ లియుంగ్ ఆ సన్నివేశంలో గొంతు ఎక్కడా పెంచడు. అంత మెత్తగా మాట్లాడే తండ్రికి ఎదురు చెప్పడం పిల్లలకు ఎంత కష్టమో అక్కడ చూడండి.

ఇక అబ్బాయి సంగతి. చైనావాళ్లు మనవాళ్లెలా అవుతారన్న మీ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కానీ దాన్ని మీరు వాదనగా అడిగారు. అతను పెరిగిన దేశంలో ‘ఆసియన్’ అన్న గుంపు హద్దులు మారుతూ వచ్చాయి. 1970 జనాభా లెక్కల్లో భారతీయులను శ్వేతజాతీయులతో కలిపి లెక్కించారు, 1980 నుంచి ఆసియా వర్గంలో చేర్చారు. లెక్కలు అలా అన్నా మామూలు మాటల్లో ఆసియన్ అంటే చైనా, కొరియా, జపాన్ ముఖాలే అక్కడివాళ్లకు గుర్తొస్తాయి. మన పిల్లలు ఫారంలో ఒక గడి నింపుతారు, బడిలో మరో గడిలో ఉంటారు. కోవిడ్ కాలంలో ఆసియా ముఖాలవాళ్ల మీద దాడులు జరిగాయి. 2021 మార్చిలో అట్లాంటాలో ఎనిమిది మందిని కాల్చి చంపితే వారిలో ఆరుగురు ఆసియా సంతతి స్త్రీలు. ఆ ఏడాది మీ అబ్బాయి చిన్నవాడే కావచ్చు, కానీ అతని తరగతిలో ఆ పిల్లలు ఉన్నారు, వాళ్లను అన్న మాటలు అతని చెవిన పడే ఉంటాయి. వాళ్లతో కలిసి నిలబడాలనుకున్నవాడు వాళ్ల సినిమాను తనదనుకోవడంలో వింత లేదు.

ఆ సినిమా వెనక ఇంకో కథ ఉంది, అబ్బాయితో మాట్లాడటానికి మంచి సరుకు. 1973లో మార్వెల్ కామిక్స్‌లో షాంగ్-చీ పుట్టినప్పుడు అతని తండ్రి ఫు మాంచు. చైనావాడంటే కుట్రలు పన్నే రాక్షసుడని పాశ్చాత్యులకు నేర్పిన పాత నవలల పాత్ర అది. 1960లలో తీసిన ఫు మాంచు సినిమాల్లో ఆ వేషం వేసింది క్రిస్టొఫర్ లీ అనే ఆంగ్లేయుడు, ముఖానికి రంగు పూసుకుని. ఆయన క్రూరమైన కూతురిగా నటించిన యువతి సాయ్ చిన్. 2021 సినిమాలో శాన్‌ఫ్రాన్సిస్కో ఇంట్లో, హీరో స్నేహితురాలు కేటీకి అమ్మమ్మగా కూర్చుని, మీరిద్దరూ పెళ్లెప్పుడు చేసుకుంటారని ఆరా తీసే ముసలావిడ ఆవిడే. ఆ ఇంటి మాటలు మన అత్తగారింట్లో వినిపించే మాటలకు ఎంత దగ్గరో మీరే చూస్తారు. కొత్త సినిమా ఫు మాంచును పక్కనపెట్టి వెన్‌వూను సృష్టించింది. అతని నోటితోనే, తన పేరు తెలియని ఒకడు తనకు ‘మాండరిన్’ అని కోడికూర వంటకం పేరు పెట్టాడని, అది విని అమెరికా వణికిపోయిందని ఎగతాళి చేయించింది. 2013 నాటి ‘ఐరన్ మ్యాన్ 3’లో ఆ మాండరిన్‌గా దొంగ వేషం కట్టిన బెన్ కింగ్స్‌లీ ఇందులోనూ ఉన్నారు. ఆయన తండ్రి వైపు మూలాలు గుజరాత్‌వి. మనవాళ్ల లెక్కలు ఎంత చిక్కుముడిగా ఉంటాయో అబ్బాయితో నవ్వుకోవడానికి ఇదొకటి చాలు. బస్సు ఫైటు గురించి కూడా అడగండి. వాలెట్ పార్కింగ్ చేసుకునే కుర్రాడు కదులుతున్న బస్సులో ఒక్కసారిగా తిరగబడే ఆ ఘట్టం గురించి పదిహేడేళ్లవాడు అరగంట మాట్లాడగలడు, మీరు వింటే చాలు.

అతని విషయంలో నాకు వేరే దిగులుంది. అన్నింట్లో చేర్చి దగ్గరుండి చూసుకుంటున్నానన్నారు. భార్య పోయిన ఇంట్లో పెద్ద కొడుకు చదువు తండ్రికి ఊతమవుతుంది, ఆ ఊతం పిల్లవాడికి బరువవుతుంది. అతను ఎస్‌ఏటీ ఎవరి కోసం రాస్తున్నాడో ఒకసారి అడిగి, వచ్చిన జవాబుకు నొచ్చుకోకుండా ఉండగలరేమో చూడండి. చెల్లెల్ని క్లాసులకు తిప్పే బాధ్యత కూడా అతని మీద వేయకండి. ఆ కారు మీరే నడపాలి.

అమ్మాయిని గుంటూరు పంపే విషయంలో మాత్రం నా అభిప్రాయం ఖండితమైనది: ఇప్పుడు వద్దు. వేసవి సెలవులకు మీ ముగ్గురూ కలిసి వెళ్లండి, అమ్మమ్మకూ మేలు. ఆమెను ఒక్కదాన్నే పంపితే, నాన్న నా ముఖం చూడలేకపోతున్నాడన్న అనుమానం రుజువైనట్టు అవుతుంది. ఈ సినిమా హీరో సిము లియు హార్బిన్‌లో పుట్టి, తల్లిదండ్రులు కెనడాలో స్థిరపడే దాకా తాతయ్య, నాయనమ్మల దగ్గర పెరిగాడు. ఐదేళ్లు నిండేలోపు వచ్చిన తండ్రి అతనికి కొత్తమనిషి. ఆ తర్వాత ఇంట్లో ఏళ్ల తరబడి సాగిన దూరం గురించి అతను తన ఆత్మకథలో దాచకుండా రాశాడు. మన తెలుగు కుటుంబాల్లోనూ చంటిపిల్లల్ని ఊళ్లో వదిలి వెళ్లిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వాళ్లకు గతిలేక చేసిన పని అది. మీకు ఆ గతి పట్టలేదు.

సినిమాలు ఆపాలా అన్నారు. ఆపితే ఆమె మాట్లాడిన ఒక్క మాటకూ శిక్ష వేసినట్టవుతుంది.

బడిలోని కౌన్సిలర్‌కు ఒక ఈమెయిల్ రాసి, తల్లిని పోగొట్టుకున్న పిల్లల బృందం దగ్గరలో ఉందేమో అడగండి. పిల్లల డాక్టరు కూడా దారి చూపగలరు. నిద్ర, తిండి, మార్కులు వారాల తరబడి తగ్గుతూ ఉన్నా, బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వినిపించినా ఆగకుండా వెంటనే సహాయం తీసుకోండి. అమెరికాలో 988కి రాత్రింబవళ్లు ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. ఆ నంబరు మీకూ పనిచేస్తుంది. మూడేళ్లుగా ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతూ, భార్య గురించి ఎవరితోనూ మాట్లాడలేదని మీ ఉత్తరం చెప్పకనే చెబుతోంది. పిల్లలకు అపాయింట్‌మెంటు తీసుకున్న రోజే మీకూ ఒకటి తీసుకోండి.