సీన్‌ని ముందు చెవితో రాయి

అమ్మాయ్,

నీ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. కథ బావుంది, మనుషులు బావున్నారు, ఆ అన్నదమ్ముల మధ్య నలిగే వదిన పాత్ర ఐతే చాలా బాగా కుదిరింది. పొగడ్తలు ఇక్కడితో ఆపేస్తున్నా, ఎందుకంటే చదువుతున్నంతసేపూ నాకు ఒకటే విషయం అడ్డం తగిలింది, ఈ ఉత్తరమంతా దాని గురించే, కాస్త ఓపిగ్గా చదువు.

నీ సీన్లలో ఒకే మాట మూడుసార్లు వినపడుతోంది. తమ్ముడు "నా బతుకు నాశనం అయిపోయింది అన్నయ్యా" అంటాడు, సరిగ్గా అప్పుడే బయట ఉరుము ఉరుముతుంది, కింద బ్రాకెట్లో నువ్వు "విషాదంగా వయొలిన్" అని రాశావు. డైలాగూ ఎఫెక్టూ మ్యూజిక్కూ మూడూ కలిసి ప్రేక్షకుడి మీద పడి ఏడు, ఏడు అని తరుముతున్నాయి. వాడు ఏడవడు. ఎవరో ఏడవమన్నారని ఎవడేడుస్తాడు చెప్పు? ఆ మూడింటికీ మూడు వేరే పనులుండాలి, ఒకటి చెప్పింది ఇంకోటి చెప్పకూడదు, రెండు ఒకటే చెప్తున్నాయంటే ఒకదాన్ని తీసెయ్యాలి. నన్నడిగితే ఎక్కువసార్లు తీసెయ్యాల్సింది డైలాగే. మాటలు రాసుకుని బతికే మనిషి ఇలా అంటున్నాడేంటి అనుకుంటావేమో, ఇన్నేళ్లు రాశాకే అంటున్నా.

ఆ అన్నదమ్ముల సీనే తీసుకుందాం. రాత్రి, నిశ్శబ్దంగా ఉన్న ఇల్లు, తమ్ముడు డబ్బు అడగడానికి వచ్చాడు, పేజీన్నర అటూ ఇటూ మాట్లాడి చివరికి అడుగుతాడు, అన్న కోప్పడతాడు, వదిన తలుపు దగ్గర నిలబడి అంతా వింటుంది. తప్పేం లేదు కానీ కళ్లు మూసుకుని వింటే ఇది రేడియో నాటకం. ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. హాలు పక్కనే వాషింగ్ మెషిన్ స్పిన్‌లో ఉంది. లోపల గదిలో టీవీ నడుస్తోంది, వదిన అక్కడుంది, మనకి కనపడదు. తమ్ముడు నోరు తెరిచి ఏదో అంటాడు, అన్న "ఆఁ? ఏంటీ?" అంటాడు. వాడు మళ్లీ అంటాడు, మళ్లీ వినపడదు. అడగడానికే సిగ్గుతో చస్తున్నవాడు అదే మాట రెండోసారి, మూడోసారి, ప్రతిసారీ గొంతు ఇంకాస్త పెంచి అడగాల్సొస్తోంది చూడు. మూడోసారి అడుగుతుండగా స్పిన్ అయిపోయి మెషిన్ గోల దిగిపోతూ ఉంటుంది కానీ వాడి గొంతు దాంతోపాటు దిగదు, "డబ్బు కావాలన్నయ్యా" అనేసరికి ఇల్లంతా మోగిపోయింది. ఇద్దరూ మాట్లాడరు. కాసేపటికి లోపల టీవీ సౌండ్ తగ్గుతుంది.

అంతే సీను. వదిన తలుపు దగ్గరికి రానక్కర్లేదు, ఆమె విన్నదని ఆ టీవీ సౌండ్ తగ్గడమే చెప్పేసింది, ఆమె విన్నదని అన్నదమ్ములిద్దరికీ తెలిసిందని కూడా చెప్పేసింది. అన్న ఇప్పుడు ఇవ్వనన్నా ఇస్తానన్నా అది ఆమె కోసం కూడా అంటున్న మాటే. నీ పేజీన్నర డైలాగ్‌లో మూడు లైన్లు మిగిలాయి, కానీ ఆ మూడూ ఇందాకటికన్నా బరువెక్కాయి.

సౌండ్ సంగతి తర్వాత వాళ్లెవరో చూసుకుంటారులే అని నీకు ఎవరో చెప్పినట్టున్నారు. అది ఎక్కడ దెబ్బ కొడుతుందో చెప్తా విను. షూటింగ్‌లో ఆ మెషిన్ ఆన్‌లో ఉండదు. డైలాగ్ క్లీన్‌గా రికార్డ్ అవ్వాలి కాబట్టి ఆపేస్తారు, గోల అంతా తర్వాత ఎడిటింగ్‌లో కలుపుతారు. మామూలు మనిషైతే గోలలో తనకి తెలీకుండానే గొంతు పెంచుతాడు, 1911లో ఎత్యెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచ్ చెవి డాక్టర్ దీని గురించి రాశాడు, అందుకే దీన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. సెట్‌లో గోల లేదు కాబట్టి నటుడు హాయిగా మామూలు గొంతుతో చెప్పేస్తాడు, తీరా మెషిన్ సౌండ్ కలిపాక రెండూ అతకవు, మాటలు వినపడాలని గోల తగ్గిస్తారు, గోల తగ్గాక అసలు సీనే పోతుంది. క్లబ్బులో సీన్లు, ఫ్యాక్టరీ సీన్లు చాలావాటిల్లో మనుషులు పెద్ద గోల మధ్య గుసగుసలాడుతున్నట్టు ఉండేది ఇందుకే. స్క్రిప్ట్‌లో "మెషిన్ గోల మీద గొంతు పెంచి" అని నువ్వు రాసుంటే డైరెక్టర్ చదివేవాడు, నటుడు చదివేవాడు, లొకేషన్‌లో మైక్ పట్టుకున్నవాడూ చదివేవాడు. నువ్వు రాయనిది ఇంకెవరికీ గుర్తురాదు.

ఇంకో లాభం కూడా ఉంది. సినిమా వేరే భాషలోకి డబ్ చేసేటప్పుడు డైలాగ్ ట్రాక్ తీసేసి, మ్యూజిక్కూ ఎఫెక్టులూ ఉన్న ట్రాక్ మాత్రం అలాగే ఉంచుతారు. నువ్వు ముచ్చటపడి రాసుకున్న ప్రాసలూ యాసలూ ఆ ప్రయాణంలో సగానికి సగం పోతాయి, ఆ టీవీ సౌండ్ తగ్గడం మాత్రం ఏ భాషలోనైనా అలాగే తగ్గుతుంది.

కనపడని చోటి నుంచి వచ్చే సౌండ్‌కి ఉన్నంత బలం కనపడేదానికి ఉండదని నా నమ్మకం. నీ మూడో సీన్‌లో హీరో ఫోన్‌లో "ఇంట్లోనే ఉన్నా" అని అబద్ధం చెప్తాడు, నువ్వు స్టేషన్ మొత్తం చూపించి మరీ చెప్పించావు. అవతలి పక్క నుంచి రాయి. మనం ఆ అమ్మాయి దగ్గరే ఉందాం, ఫోన్‌లో వాడి మాట, వాడి వెనక సన్నగా రైలు అనౌన్స్‌మెంట్. ఆమె "సరే, పడుకో" అంటుంది. డైలాగ్ ఒకటి చెప్తుంటే వెనక సౌండ్ దాన్ని కాదంటోంది, ఆమె మాట ఆ రెండింటినీ విననట్టు నటిస్తోంది. ఈ పని సినిమావాళ్లకి మొదట్నుంచీ తెలుసు. 1931లో, మాటల సినిమాలు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, ఫ్రిట్జ్ లాంగ్ తీసిన "ఎమ్" లో హంతకుడు ఒక ట్యూన్ ఈల వేస్తుంటాడు, అతన్ని గుర్తుపట్టేది బెలూన్లు అమ్ముకునే ఒక గుడ్డివాడు, ఆ ఈల విని. ఆ ఈల తీసేస్తే కథ ముందుకి కదలదు. (ఆ నటుడికి ఈల వెయ్యడం రాకపోతే డైరెక్టరే వేశాడట.)

ఇప్పుడు మ్యూజిక్. ఇక్కడ మాత్రం కొంచెం నిదానంగా వెళ్దాం, కొత్తవాళ్లు అందరూ చెయ్యి కాల్చుకునేది ఇక్కడే.

"ద గాడ్‌ఫాదర్" (1972) లో రెస్టారెంట్ సీన్ చూసే ఉంటావు, మళ్లీ చూడు, ఈసారి కళ్లకన్నా చెవులకి పని చెప్పు. మైకేల్ ఎదురుగా కూర్చున్న ఇద్దర్నీ కాల్చాలి. అవతలివాడు ఇటాలియన్‌లో మాట్లాడుతుంటాడు, సబ్‌టైటిల్స్ ఇవ్వలేదు, అంటే అంత కీలకమైన చోట డైలాగ్ అర్థం కాకపోయినా ఫర్లేదని వాళ్లు తేల్చుకున్నారు. మైకేల్‌కి కూడా ఆ క్షణంలో ఆ మాటలు చెవికెక్కడం లేదు కదా, మనమూ వాడి స్థితిలోనే ఉన్నాం. మాటల బదులు ఏం వినపడుతుందంటే రైలు. ఎక్కడో బయట రైలు వెళ్తున్న రొద, మనకి ఎక్కడా కనపడదు, అది పెరిగి పెరిగి చక్రాలు పట్టాల మీద కీచుమనేదాకా పోతుంది, వాడి బుర్రలో జరుగుతున్నదంతా ఆ కీచులో ఉంది. ఆ టైమ్‌లో మ్యూజిక్ లేదు, ఒక్క నోట్ కూడా లేదు. కాల్చేశాక, తుపాకి చేతిలోంచి జారవిడిచాక, అప్పుడొస్తుంది మ్యూజిక్. వాల్టర్ మర్చ్ చేసిన సౌండ్ పని అది. మ్యూజిక్ ముందే వచ్చేసి ఉంటే "భయపడు" అని మనకి చెప్పేసేది, మనం భయపడి ఊరుకునేవాళ్లం. రాలేదు కాబట్టి ఏం అనుకోవాలో తెలీక మనం కుర్చీ అంచుకి వచ్చి కూర్చున్నాం. పని అయిపోయాక వచ్చిన మ్యూజిక్ మనల్ని భయపెట్టడానికి రాలేదు, వీడి జీవితం ఇక్కడ మలుపు తిరిగిందని చెప్పడానికి వచ్చింది, ఆ సంగతి ఆ సీన్‌లో ఇంకెవరూ చెప్పలేరు.

అందుకని మ్యూజిక్ ఎక్కడ పెట్టాలా అని ఆలోచించేటప్పుడు ముందు ఎక్కడ పెట్టకూడదో చూసుకో. మన అన్నదమ్ముల సీన్‌లో తమ్ముడు ఉన్నంతసేపూ వద్దు. వాడు వెళ్లిపోయాక అన్న లేచి మెషిన్ మూత తీసి తడి బట్టలు ఒక్కోటీ బయటికి లాగుతుంటాడు, అక్కడ వస్తే రావచ్చు, రాకపోయినా నష్టం లేదు. వస్తే అది ఎవరి పక్షాన వస్తోందో మాత్రం నువ్వు తేల్చుకోవాలి. ఇవ్వలేకపోయిన అన్న బాధా అది, లేక బయట మెట్లు దిగుతున్న తమ్ముడి అవమానమా? బట్టలు తీస్తున్న మనిషిని చూపిస్తూ మెట్లు దిగుతున్న మనిషి మ్యూజిక్ వినిపించొచ్చు, అది చాలా పెద్ద సౌకర్యం, దాన్ని వాడుకో.

కానీ వయొలిన్ అని రాయకు. ఏ వాయిద్యమో చెప్పడం నీ పని కాదు, మ్యూజిక్ డైరెక్టర్‌కి చిరాకొస్తుంది కూడా. "ఇక్కడిదాకా మ్యూజిక్ లేదు, ఇక్కడ మొదలు, తమ్ముడి వైపు" అని రాస్తే చాలు. ఆ తర్వాత వాళ్లు నీ మాట కాదన్నా బెంగపడకు. 1960లో వచ్చిన "సైకో" లో బాత్రూం హత్య సీన్‌కి మ్యూజిక్కే వద్దనుకున్నాడు డైరెక్టర్ హిచ్‌కాక్, మ్యూజిక్ డైరెక్టర్ బెర్నార్డ్ హెర్మన్ ఊరుకోకుండా ఉత్త తీగ వాయిద్యాలతో చేసి వినిపించాడు, విన్నాక హిచ్‌కాక్ ఒప్పుకున్నాడు. అంతటివాడు మనసు మార్చుకున్నాడు, మనమెంత. ఐతే ఒకటి గమనించు, ఆ సీన్‌లో మనుషులు మాట్లాడుకోరు. తీగల అరుపుకి పోటీగా ఇంకో మాట లేదు కాబట్టే అది అంతగా కోసింది.

పోటీ అంటే గుర్తొచ్చింది. మన చెవి బాగా పట్టేది సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య సౌండ్లని, మాటల్లో క, త, స లాంటి హల్లులు తేడా తెలిసేది కూడా చాలావరకు ఆ చుట్టుపక్కలే. అదే ఏరియాలో వయొలిన్లు గానీ వాన చప్పుడు గానీ నిండా ఉంటే మాట మింగేస్తాయి, గొంతు వినపడుతుంది కానీ ఏమన్నాడో తెలీదు. సౌండ్లన్నీ కలిపే మిక్సింగ్‌లో మాట కోసం మ్యూజిక్ తగ్గిస్తారు, తగ్గించిన మ్యూజిక్ ఈగ రొదలా మిగులుతుంది, ఉన్నట్టూ ఉండదు లేనట్టూ ఉండదు. దానికన్నా మాటకో చోటు, మ్యూజిక్‌కో చోటు ముందే పేజీ మీద విడదీసి ఇవ్వడం నయం.

నిశ్శబ్దం గురించి రెండు ముక్కలు. నువ్వు పదహారు చోట్ల "నిశ్శబ్దం" అని రాశావు, నిజంగా లెక్కపెట్టాను. సినిమాలో సౌండ్ పూర్తిగా కట్ చేస్తే థియేటర్‌లో స్పీకర్ పోయిందనుకుంటారు, అందుకే లొకేషన్‌లో అందర్నీ కదలకుండా నిలబెట్టి ఖాళీ గది సౌండ్ ఓ అర నిమిషం రికార్డ్ చేసుకుంటారు, రూమ్ టోన్ అంటారు, తర్వాత అతుకులన్నీ దాంతోనే కప్పుతారు. నిశ్శబ్దం అని రాస్తే రీడర్‌కి ఏమీ వినపడదు. ఏ సౌండ్ ఆగిందో రాయి, లేదా మామూలుగా వినపడని ఏ చిన్న సౌండ్ ఇప్పుడు వినపడుతోందో రాయి. మెషిన్ ఆగాక గోడ గడియారం, అంతే.

అలాగని ప్రతి అడుగుల చప్పుడూ, ప్రతి తలుపు కిర్రూ రాసుకుంటూ కూర్చోకు. అవి ఫోలీ వాళ్లు చూసుకుంటారు, యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీద వచ్చిన పని అది, తెర మీద బొమ్మ చూస్తూ అడుగుకి అడుగు, గుడ్డ రాపిడికి గుడ్డ రాపిడి స్టూడియోలో చేసి రికార్డ్ చేస్తారు, మంచులో నడక కావాలంటే మొక్కజొన్న పిండి సంచి పిసుకుతారు. నువ్వు రాయాల్సింది కథని కదిపే సౌండ్ ఒక్కటే, సీన్‌కి ఒకటో రెండో, అంతకుమించితే ఏదీ వినపడదు.

నీకు డైలాగ్ మీద మమకారం ఎక్కువ, చదువుతుంటేనే తెలుస్తోంది. ఒకసారి 1987లో వచ్చిన "పుష్పక విమానం" మళ్లీ చూడు, సింగీతం శ్రీనివాసరావు గారు సినిమా అంతా మాటల్లేకుండా నడిపారు, చెప్పాల్సింది ఎక్కడా ఆగలేదు. చూశాక నీ స్క్రిప్ట్‌లో నీకు బాగా ఇష్టమైన సీన్ ఒకటి తీసుకుని డైలాగ్ మొత్తం కొట్టేసి ఉత్త సౌండ్లతో రాయి, తర్వాత తప్పనిసరి ఐన మాటలు ఒక్కోటీ వెనక్కి పెట్టుకుంటూ రా, నాలుగో లైన్ దగ్గర ఆగిపోతావని నా అంచనా.

ఇక క్లైమాక్స్. అక్కడ వాన పెట్టావు, ఆ అమ్మాయి వానలో నిలబడి చాలా మెల్లగా నాలుగు లైన్లు చెప్తుంది. సినిమా వాన అంటే పైపులూ నీళ్లూ పెద్ద హోరు, ఆ షాట్‌లో రికార్డైన మాట పనికిరావడం అరుదు, స్టూడియోలో మళ్లీ చెప్పించాలి, ఒళ్లంతా తడిసి వణుకుతూ చెప్పిన మాటకీ ఏసీ గదిలో మైక్ ముందు చెప్పిన మాటకీ తేడా తెలిసిపోతుంది. ఆమెతో గట్టిగా అరిపిస్తావా? అది ఆ పిల్ల స్వభావం కాదు. నాకు రెండు దారులు కనపడుతున్నాయి. ఒకటి, కారెక్కించి అద్దం పైకెత్తించు, హోరు ఒక్కసారిగా మూసుకుపోయి మెత్తటి టపటప మిగులుతుంది, అప్పుడు ఎంత మెల్లగా చెప్పినా వినపడుతుంది, పైగా అతను బయటే నిలబడి ఉంటే ఆ మాటలు అతనికి వినపడవు, అది ఇంకో కథ అవుతుంది. రెండోది, వానలోనే ఉంచి మాటలు తీసెయ్యి. నాకు మొదటిదే నచ్చింది కానీ సినిమా నీది, ఏది చేస్తావో రాసి ఆ ఒక్క సీన్ పంపు చాలు, మొత్తం స్క్రిప్ట్ మళ్లీ పంపకు.