తాత క్యాసెట్టు అడిగావు కదా, అమ్మణ్ణీ

తిరుపతి, కొర్లగుంట

అమ్మణ్ణీ,

నువ్వు ఆదివారాలు అవ్వకు కాల్ చేసి, ఆమె పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో రికార్డు చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంతమందిమి ఇక్కడే ఉన్నాం, ఎవరికీ పుట్టని బుద్ధి బెంగళూరులో కూర్చున్న నీకు పుట్టింది. సంతోషమే. దిగులు కూడా ఉంది. ఎందుకో చెబుతాను గానీ, ముందు నువ్వు పంపిన పన్నెండు నిమిషాల ఫైలు సంగతి చూద్దాం.

మూడుసార్లు విన్నాను. నీ గొంతు బావిలోంచి పిలిచినట్టుంది. అవ్వ గొంతు అసలు లేదు. నువ్వు "ఆఁ, ఆఁ, తర్వాత?" అంటావు, మధ్యలో పకపకా నవ్వుతావు. ఏం మాటకు నవ్వావో ఆ పెరుమాళ్ళకే తెలియాలి. ముప్పై ఏళ్లు గాంధీ రోడ్డు పక్క సందులో రికార్డింగు షాపు నడిపినవాడి ఇంటి పిల్ల పంపాల్సిన ఫైలేనా ఇది? సరే, కోప్పడను. నాకంటే నువ్వే నయం, పన్నెండు నిమిషాలకే వినిచూశావు.

జరిగింది ఇదీ. కాల్‌లో అవ్వ గొంతు నేరుగా నీ హెడ్‌ఫోన్‌లోకి పోయింది. నీ ప్రోగ్రామ్ విన్నది మైకునొక్కదాన్నే. చెవిలో మోగేది మైకు దాకా రాదు కదా. హెడ్‌ఫోన్ తీసేసి స్పీకర్‌లో పెట్టు, మైకే పట్టుకుంటుంది అని నీకు ఎవరైనా చెబుతారు. వినకు. అలా పట్టిన గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. పైగా ఒక్కోసారి అవ్వ మాట అవ్వకే తిరిగి వినపడుతుంది, దాంతో ఆమె "ఎవరో నన్ను ఎక్కిరిస్తా ఉండారు" అని పాట ఆపేస్తుంది.

కంప్యూటర్ లోపల మోగే శబ్దాన్ని లోపలే పట్టాలి. విండోస్‌లో సౌండ్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, రికార్డింగ్ ట్యాబ్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, షో డిసేబుల్డ్ డివైసెస్ నొక్కితే కొన్నిటిలో స్టీరియో మిక్స్ అని ఒకటి బయటపడుతుంది. దాన్ని ఎనేబుల్ చేయొచ్చు. కొత్త ల్యాప్‌టాపులు చాలావాటిలో అది ఉండదు, కాబట్టి కనపడకపోతే నీ తప్పేమో అని టెన్షన్ పడకు. ఉన్నా ఒక మెలిక ఉంది. అది ల్యాప్‌టాప్ సొంత సౌండ్ కార్డులో మోగేదాన్నే పడుతుంది. నువ్వు పెట్టుకునేది బ్లూటూత్. శబ్దం అటు పోతే స్టీరియో మిక్స్‌కు దక్కేది సున్నా. ఆ బ్లూటూత్ దానితో ఇంకో తంటా కూడా ఉంది. దాని మైకును కాల్‌కు వాడితే వినిపించే శబ్దం కూడా టెలిఫోన్ స్థాయికి పడిపోతుంది. వైరున్న ఇయర్‌ఫోన్ ఒకటి కొనుక్కో, డబ్బులు నేనిస్తా.

ఆడాసిటీ అనే రికార్డింగు ప్రోగ్రామ్‌లో అయితే హోస్ట్ దగ్గర విండోస్ వాసాపి (WASAPI) పెట్టి, రికార్డింగ్ డివైసుల్లో నువ్వు వింటున్నదాని పేరు పక్కన లూప్‌బ్యాక్ అని ఉన్నదాన్ని ఎంచుకుంటే అవ్వ గొంతు తేటగా వస్తుంది. కానీ అది ఒకసారికి ఒక డివైసునే పడుతుంది, నీ ప్రశ్నలు పోతాయి. నీ పనికి ఓబీఎస్ (OBS) అనే ప్రోగ్రామ్ సరైనది. అందులో డెస్క్‌టాప్ ఆడియోకు ఒక గీత, మైకుకు ఒక గీత, రెండూ పక్కపక్కన ఆడుతుంటాయి. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లోకి పోయి అవ్వను ఒకటో ట్రాక్‌లో, నిన్ను రెండో ట్రాక్‌లో పెట్టు. అవుట్‌పుట్ సెట్టింగుల్లో కూడా ఆ రెండు ట్రాకులకూ టిక్ పెట్టాలి, చాలామంది అక్కడే మర్చిపోతారు. విడివిడిగా ఉంటే అవ్వ పాడుతుండగా నువ్వు దగ్గినా ఆ దగ్గును తీసిపారేయొచ్చు. ఫైలు రకం ఎంకేవీ (MKV) అని పెట్టుకో. మధ్యలో కరెంటు పోయినా, కంప్యూటర్ మొరాయించినా అప్పటిదాకా పట్టింది దక్కుతుంది.

ఇక నీ గొంతు. నేనిచ్చిన షాపు మైకును కన్వర్టర్ పిన్ను పెట్టి ల్యాప్‌టాప్‌కు గుచ్చావని మీ అమ్మ చెప్పింది. దాన్ని ఇంకా దాచుకున్నందుకు కళ్ళు చెమర్చాయి. కానీ తల్లీ, అది ఆంప్లిఫైయర్ కోసం పుట్టిన మైకు. దాన్నుంచి వచ్చే వోల్టేజి కొన్ని మిల్లీవోల్టులు, ల్యాప్‌టాప్‌కు అది ఆనదు. అసలు నీ ఫైల్లో వినపడింది ఆ మైకు కాదేమో అని నా అనుమానం. ఇప్పటి ల్యాప్‌టాప్ రంధ్రం ఒకటే, హెడ్‌ఫోనుకూ మైకుకూ కలిపి. పాత పిన్ను పెడితే మైకు వచ్చినట్టు దానికి తెలీదు, తన మూత మీది చిన్న మైకుతోనే వింటూ ఉంటుంది. రికార్డింగ్ ట్యాబ్‌లో పచ్చ గీతలు చూస్తూ చేతిలోని మైకు జాలీ మీద గోటితో గీకు. తర్వాత ల్యాప్‌టాప్ మూత మీద గీకు. దేనికి గీతలు ఎగిరితే అదే నిన్ను వింటోంది.

ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్ మైకు చాలు నీకు. నోటికి జానెడు దూరంలో ఉండాలి. దూరం రెట్టింపయితే శబ్దం ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, ఏ సెట్టింగూ దాన్ని పూర్తిగా తిరిగి తేలేదు. లెవెల్స్‌లో మైకు 100కు పెట్టు, బూస్ట్ 10 డెసిబెల్స్ చాలకపోతే 20. 30 దాకా పోతే నీ గొంతు కంటే బుస్సుమనే చప్పుడే ఎక్కువ పెరుగుతుంది. గట్టిగా మాట్లాడినప్పుడు గీత మైనస్ 12కూ మైనస్ 6 డెసిబెల్స్‌కూ మధ్య ఆడాలి, ఎర్రకు తగలకూడదు. తక్కువ పడ్డదాన్ని ఎంతోకొంత పైకి లేపొచ్చు, పగిలినదాన్ని అతికించలేం.

కాల్ యాప్‌లో నాయిస్ సప్రెషన్, అంటే చుట్టూ ఉన్న చప్పుళ్ళను తీసేసే ఏర్పాటు, తగ్గించు. జూమ్ అయితే ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ అని ఉంటుంది, అవ్వ వైపు కూడా అది పెట్టించాలి. అవ్వ మోకాలి మీద అరచేత్తో తాళం వేస్తూ పాడుతుంది చూడు, ఆ యాప్‌కు అది చప్పుడు. తాళం తీసేసి పాట పంపిస్తుంది.

పదాలు రాసుకుంటే చాలదా, ఇంత హంగామా ఎందుకు అన్నాడట మీ నాన్న. వాడితో చెప్పు. అన్నమయ్య (1408-1503) సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి కొండ మీద సంకీర్తనా భండారంలో పెట్టారు. సుమారు 12,000 దొరికాయి, రాగం పేర్లతో సహా. ఆయన నోట అవి ఎలా పలికాయో ఆ రేకుల మీద లేదు. మనం వినేవి తర్వాతి వాళ్ళు కట్టిన వరసలే ఎక్కువ. రాయడం వేరురా తమ్ముడూ అని చెప్పు.

ఇప్పుడు క్యాసెట్టు సంగతి.

1987లో శ్రీరామనవమి. మద్రాసు రిచీ వీధిలో కొన్న సెకండ్ హ్యాండ్ డెక్కు నా దగ్గరికి వచ్చి రెండు నెలలు. దానికి మూడు హెడ్లు. ఒకటి పాతది చెరిపేది, ఒకటి కొత్తది ఎక్కించేది, ఒకటి ఎక్కినదాన్ని వినిపించేది. ముందర ఒక స్విచ్చు. సోర్స్ వైపు నెడితే మైకులోంచి లోపలికి వచ్చేది వినపడుతుంది. టేప్ వైపు నెడితే టేపు మీద నిజంగా పడ్డది వినపడుతుంది, రెప్పపాటు ఆలస్యంగా. ఆ ఆలస్యం నాకు చికాకు. ఎదురుగా పెదవులు కదిలాక చెవిలో మాట పడుతుంటే తల తిరిగినట్టుండేది. అందుకని స్విచ్చు సోర్స్ మీదే ఉంచేవాణ్ణి.

ఆ రోజు డెక్కు, మిక్సర్ పాకాల బస్సు మీద వేసుకుని మన ఊరి భజన గుడికి వెళ్ళాను. మీ తాతకు అప్పుడు అరవై ఒకటి. చెక్కభజన గురువుగా చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళకు తెలిసిన మనిషి. ఇరవై మంది గుండ్రంగా నిలబడి చెక్కలు మోగిస్తుంటే మధ్యలో ఆయన గొంతు. నాకు హెడ్‌ఫోన్‌లో అద్భుతంగా వినపడుతోంది. మీటర్ల సూదులు ఎక్కడిదాకా ఆడాలో అక్కడిదాకా ఆడుతున్నాయి. తొంభై నిమిషాల క్యాసెట్టు, రెండు వైపులూ నిండింది. నా జన్మలో అంత మంచి రికార్డింగు చేయలేదనుకున్నాను.

షాపుకొచ్చి వేసి చూస్తే బుస్సుమని చప్పుడు. దాని అడుగున, దుప్పటి కప్పుకుని ఎవరో గొణుగుతున్నట్టు ఏదో. అంతే. ముందు వారమంతా పెళ్ళిళ్ళ క్యాసెట్లు ఎక్కించి ఎక్కించి రికార్డు హెడ్డు మీద గోధుమరంగు మడ్డి పేరుకుపోయింది. దూదికి స్పిరిట్ తడిపి తుడిస్తే పోయేది, అర నిమిషం పని. స్విచ్చు ఒక్కసారి టేప్ వైపు నెట్టి ఉంటే మొదటి పాటలోనే తెలిసేది. తొంభై నిమిషాలు నేను విన్నది మా నాయన్ను, టేపును కాదు.

ఆ తప్పు కాదు అమ్మణ్ణీ నన్ను తినేది. నాయన అడిగితే "బ్రహ్మాండంగా పడింది" అన్నాను చూడు, అదీ. రేపో మాపో మళ్ళీ పాడించి దాని స్థానంలో పెట్టేద్దామనుకున్నాను. అడిగితే "మళ్లా ఎందుకురా, ఒకసారి పట్టినావు కదా, దాన్నే ఇనుకో" అనేవాడు. ఊరందరికీ "మావోడు నా పాటలన్నీ పట్టి పెట్టినాడు" అని చెప్పుకునేవాడు. ఒకరోజు గోవిందరాజస్వామి గుడికి వచ్చి, తన ఈడు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని షాపులోకి వచ్చాడు. "మావి వెయ్యిరా, ఈయన ఇంటాడంట" అన్నాడు. "డెక్కు రిపేర్లో ఉంది నాయనా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు అదే డెక్కులో ఇంకెవరిదో క్యాసెట్టు మోగుతోంది. ఆయన డెక్కు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరేలే, కాఫీ తాగొస్తాం" అని స్నేహితుణ్ణి తీసుకుని మెట్లు దిగిపోయాడు. 1996 దాకా ఉన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ క్యాసెట్టు అడగలేదు.

కాబట్టి నీకు పంపడానికి నా దగ్గరున్నది ఆ బుస్సుమనే చప్పుడే. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయంటావేమో. అన్నీ చూశాను. లేనిదాన్ని అవి తేలేవు.

అందుకే చెబుతున్నా, గీతలు ఆడుతున్నాయని, చెవిలో బాగా వినపడుతోందని నమ్మకు. ప్రతి ఆదివారం మొదట ఒక్క నిమిషం పట్టి, ఆపి, ఆ ఫైలు ఫోన్‌లోకి పంపుకుని విను. అవ్వ ఉందా, నువ్వు ఉన్నావా చూసుకున్నాకే అసలు పాట మొదలుపెట్టు. పాట పాటకూ మధ్య ఇంకోసారి. అవ్వకు ఎనభై ఆరు. మళ్ళీ పాడమంటే ఆమె కూడా "ఒకసారి పాడినా కదా" అనే రకమే.

ఎంత బాగా పట్టినా కాల్‌లో వచ్చేది పిండి పంపిన గొంతే. అందుకని ఈ ఆదివారం పొద్దున బస్సుకు నేనూ ఊరికి పోతున్నాను. రెండో ఫోన్‌లో రికార్డర్ పెట్టి అవ్వ పక్కన స్టూలు మీద ఉంచుతా. ఫ్యాను ఆపించడం, కోళ్ళను అవతలికి తోలడం నా పని. నువ్వు ఎనిమిదిన్నరకు కాల్ చెయ్. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టిస్తా, రెండు రికార్డింగులనూ తర్వాత ఆ చప్పుడు దగ్గర కలుపుకోవచ్చు.

తాత క్యాసెట్టు సంగతి అవ్వకు నువ్వు చెప్పొద్దు. ఆ రోజు పాటలన్నీ అయ్యాక నేనే చెబుతా. అప్పటికి నువ్వు రికార్డింగు ఆపెయ్. ఆగిందో లేదో ఒకసారి చూసుకో.

మీ పెదనాయన