రాకెట్‌ని నేరుగా పంపకండి

ప్రశ్న: హాఫ్-లైఫ్ 2 వీడియో గేమ్‌లో గన్‌షిప్ (గాల్లో ఎగిరే శత్రు యుద్ధయంత్రం) మీదికి రాకెట్ వదిలితే అది మధ్యలోనే కాల్చేస్తోంది. ఎలా కొట్టాలి?

జవాబు: ఆ గన్‌షిప్ తన మీదికొచ్చే రాకెట్‌ని గురిచూసి కాలుస్తుంది, అందుకే నేరుగా పంపితే దాదాపు వృథానే. 2004లో వచ్చిన ఈ గేమ్‌లో రాకెట్ లాంచర్ లేజర్‌తో నడుస్తుంది, అంటే పేల్చిన తర్వాత కూడా మీరు ఎర్ర చుక్కని ఎటు తిప్పితే రాకెట్ అటే వెళ్తుంది. చుక్కని ముందు గన్‌షిప్‌కి బాగా పక్కగా పెట్టండి, రాకెట్ పక్కనుంచి చుట్టి దాని దగ్గరకు చేరగానే ఒక్కసారిగా చుక్కని దాని మీదికి లాగండి. దానికి కాల్చే టైమ్ దొరకదు! పేలేదాకా గురి వదలకూడదు కాబట్టి ఆ కాసేపు తూటాలు తగులుతాయి, నిజంగానే టెన్షన్. పేలగానే గోడ చాటుకి వెళ్లండి. మీ దగ్గర ఒకేసారి 3 రాకెట్లే ఉంటాయి, అందుకని రాకెట్ల పెట్టెకి దగ్గర్లోనే నిలబడండి. నా దృష్టిలో గేమ్‌లో అన్నిటికంటే మంచి ఆయుధం ఇదే, ఎందుకంటే గెలుపు పూర్తిగా మీ చేతి మీదే ఆధారపడుతుంది.